తలకోన జోన్‌కి బండలు సిమెంటువా, ఫైబర్‌వా? తెలిసినవాళ్లు చెప్పండి

తిరుపతి శివార్లలో థీమ్ పార్కు వస్తే తలకోన జోన్ ఎలా ఉండాలని, పార్కుల పిచ్చి ఉన్న మా గుంపులో బొమ్మలు గీసుకుంటూ వాదించుకుంటున్నాం. తలకోనలో అసలు జలపాతం ఎత్తు 270 అడుగులు. మేం గీసిన నకలు జలపాతం 30 అడుగుల ఎత్తు, 4 మీటర్ల వెడల్పు. దాని కృత్రిమ బండల దగ్గరే పేచీ.

ఒక పక్షం ఫెర్రోసిమెంటు అంటోంది: 8 ఎం.ఎం. కడ్డీల గూడు, దాని మీద రెండు పొరల చికెన్ మెష్ (సన్న ఇనుప తీగ వల), 1:2 సిమెంటు, ఇసుక పూత. మన ఎండల్లో సరిగా తడపకపోతే సన్నపగుళ్లు వస్తాయి, నీళ్లు దిగి కడ్డీలు తుప్పు పడతాయి. పచ్చి సిమెంటు మీదే రంగేస్తే ఉప్పు తేలి పెచ్చులూడుతుంది. ఇంకో పక్షం అడిగే ఫైబర్ (ఫైబర్‌గ్లాస్) తేలికే గానీ వేలితో కొడితే డొల్ల మోత, పైగా ఎండకి రంగు వెలుస్తుంది. చెయ్యి తగిలే ఎత్తు వరకైనా సిమెంటే ఉండాలని నా పట్టు.

నీళ్ల సంగతి: అంచు మీద 2.5 సెం.మీ. ఎత్తున పొర్లాలంటే మీటరు వెడల్పుకి నిమిషానికి సుమారు 430 లీటర్లు, మొత్తం 1,720. అంచు అడుగున గాడి పెట్టకపోతే ధార విడిపడదు, బండకే అంటుకుని జారుతుంది.

బోరునీళ్లే తిప్పి తిప్పి వాడితే బండలకి పట్టే తెల్ల సున్నప్పొరని, రంగు పాడవకుండా ఎలా ఆపాలి? గాలికి తుంపర క్యూ మీద పడకుండా ఎంత దూరం వదలాలి? ఇలాంటి పని చేయించినవాళ్లు కొలతలతో చెబితే మేలు.