అప్‌డేట్: ఖరీదైన టూల్స్‌లో ఏవి వదిలేశానంటే

ఇంట్లో కారు పనులు చేసుకోవడానికి స్నాప్-ఆన్ లాంటి ఖరీదైన టూల్స్‌లో ఏవి కొనక్కర్లేదని పోయిన నెల అడిగాను కదా. మొన్న శనివారం బెంగళూరు ఎస్.పి. రోడ్డంతా తిరిగాను. సుత్తి, మాగ్నెటిక్ ట్రే, టూల్ డబ్బా, వీటికి బ్రాండ్ దండగ. స్పానర్లు మన దేశీ బ్రాండు టపారియావే తీసుకున్నాను. 10 ఎంఎం సాకెట్ (బోల్టు తలకి తొడిగి తిప్పేది) ఎలాగూ ఎక్కడో పడి పోతుంది, దానికి వేలు పొయ్యడమెందుకు!

రాచెట్ (సాకెట్ తగిలించి తిప్పే పిడి, లోపల పళ్ల చక్రం ఉంటుంది) దగ్గరే ఆగిపోయాను. 36 పళ్లదైతే ఒక్కో క్లిక్‌కి 10 డిగ్రీలు తిప్పాలి, 72 పళ్లదానికి 5 చాలు. ఇంజిన్ పక్కన చెయ్యి ఆడని చోట ఆ తేడా బాగా తెలుస్తుంది. డబ్బంతా దానిమీదే పెట్టాను.

క్లిక్ టార్క్ రెంచ్ (బోల్టు మనం సెట్ చేసినంత బిగియగానే క్లిక్‌మనే రెంచ్) కొనలేదు, మా బావని అడిగి తెచ్చుకుంటున్నా. పనయ్యాక సెట్టింగ్ కనిష్ఠానికి తిప్పే ఇవ్వాలని ఆయన షరతు.