బూట్ అవ్వని సింగిల్ బోర్డ్ కంప్యూటర్ నుంచి ఫైళ్లు ఎలా తీయాలి?

నిన్న కరెంటు పోయి వచ్చిన దగ్గర్నుంచి నా సింగిల్ బోర్డ్ కంప్యూటర్ (ఒకే సర్క్యూట్ బోర్డు మీదుండే చిన్న కంప్యూటర్) బూట్ అవ్వడం లేదు. ఎర్ర లైటు వెలుగుతోంది, పచ్చ లైటు ఒక్కసారి మిణుక్కుమని ఆగిపోతోంది. బోర్డు పోయినా ఫర్వాలేదు. కానీ 32 జీబీ మెమరీ కార్డులో అమ్మ పాడిన పాటల రికార్డింగులున్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. అదే టెన్షన్.

కార్డును విండోస్ ల్యాప్‌టాప్‌లో పెడితే చిన్న బూట్ డ్రైవ్ ఒక్కటే తెరుచుకుంది, రెండోదాన్ని ఫార్మాట్ చేయమంటోంది. అది ఈఎక్స్‌టీ4, అంటే లినక్స్ వాడే ఫైల్ సిస్టమ్, దాన్ని విండోస్ మామూలుగా చదవలేదు కాబట్టి క్యాన్సిల్ కొట్టాను. లినక్స్‌లో మౌంట్ చేయబోతే (తెరవబోతే) ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్ వచ్చింది. ఆ తర్వాత కార్డును ముట్టుకోలేదు.

ముందు పాడైన కార్డు నుంచి చదవగలిగినంతా కాపీ చేసే డీడీరెస్క్యూతో ఇమేజ్ (కార్డు మొత్తానికి నకలు ఫైలు) తీసి, దాని ఇంకో కాపీ మీద ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడుపుదామనుకుంటున్నాను. ఈ వరస సరైనదేనా? పోయిన ఫైళ్లను వెలికితీసే ఫోటోరెక్‌తో తీస్తే ఫైళ్ల పేర్లు రావు కదా, పేర్లతో సహా దక్కించుకునే దారి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.