A లెవెల్స్‌లో మూడో సబ్జెక్టుగా మీడియా స్టడీస్ తీసుకోనివ్వచ్చా?

రీడింగ్ అమ్మ:
నమస్తే అండీ. మేం ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో ఉంటాం. మా పాప ఇయర్ 11 (మన పదో తరగతి లాంటిది), సెప్టెంబర్‌లో సిక్స్త్ ఫామ్‌కి వెళ్తుంది, అంటే మన ఇంటర్ లాంటి రెండేళ్ల A లెవెల్స్ చదువుకి. మ్యాథ్స్, ఇంగ్లిష్ లిటరేచర్‌తో పాటు మీడియా స్టడీస్ కావాలంటోంది. మా ఆయనేమో కెమిస్ట్రీ తీసుకోమంటున్నారు. "టీవీ చూడ్డం కూడా ఒక చదువా?" అని ఆయన ప్రశ్న. మేమిద్దరం గుంటూరులో ఎంపీసీ చదివినవాళ్లం, ఈ సబ్జెక్టులో ఏం చెబుతారో మాకు తెలియదు. నెల రోజులుగా ఇంట్లో ఇదే టెన్షన్. మీ పిల్లలెవరైనా చదివారా?

లెస్టర్ అమ్మాయి:
ఆంటీ, నేనే చదివాను. 2024లో A లెవెల్స్ రాశాను: మీడియా, ఇంగ్లిష్ లిటరేచర్, హిస్టరీ.

టీవీ చూడటం ఉంటుంది. కానీ చిన్న ముక్క చూసి పేజీలకు పేజీలు రాయాలి. కెమెరా ఎక్కడ పెట్టారు, ఎవరిని ముందు చూపించారు, ఎవరు అసలు కనబడలేదు, ఆ చానెల్‌కి డబ్బు ఎక్కడినుంచి వస్తోంది, ఇవన్నీ. నాకు బాగా నచ్చింది స్టువర్ట్ హాల్ అనే మీడియా పండితుడు. జమైకాలో పుట్టి చదువు కోసం ఇంగ్లండ్‌కి వచ్చి ఉండిపోయిన మనిషి. తీసేవాళ్లు ఒక అర్థం పెట్టి పంపినా, చూసేవాళ్లు దాన్ని అలాగే తీసుకోవచ్చు, కొంత ఒప్పుకొని కొంత వదిలేయొచ్చు, పూర్తిగా కాదనొచ్చు అని 1973లోనే రాశారు. క్లాసులో అది వినగానే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. తెలుగు న్యూస్ పెడితే తాతయ్య ప్రతి మాటా నమ్ముతారు. నాన్న "అంతా కాదులే గానీ కొంత నిజం" అంటారు. అమ్మ వంటింట్లోంచే వాదనకు దిగుతుంది.

మార్కుల్లో 70 శాతం పరీక్షలకి, 30 శాతం ఎన్‌ఈఏ అనే, మనమే సొంతంగా చేసే ప్రాజెక్టుకి. నేను ఒక పత్రిక, దాని వెబ్‌సైట్ చేశాను. ఫొటోలు మనమే తీయాలి, నెట్‌లోవి పెట్టకూడదు. ముఖచిత్రానికి మా అమ్మమ్మని స్టవ్ దగ్గర గరిటెతో నిలబెట్టి తీశాను. చాలా బాగా వచ్చింది. వారం తర్వాత నా నోట్స్ తిరగేస్తుంటే మనసు చివుక్కుమంది. తెనాలిలో 31 ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషిని నేను వంటమనిషిలా చూపించాను. ఎవరో చూపిస్తే తప్పుపట్టే పనిని నేనే చేశాను. ఆ ఫొటో తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈ సబ్జెక్టు నాకు నేర్పింది అదే ఆంటీ, ఇప్పటికీ ఏ ఫొటో చూసినా, ఈ మనిషిని ఇలాగే ఎందుకు చూపించారు అన్న ప్రశ్న వస్తుంది.

స్లౌ నాన్న:
అమ్మా, ముందు పాపకి మెడిసిన్ మీద ఆశ ఉందో లేదో అడగండి. ఉంటే కెమిస్ట్రీ వదలకూడదు. లేకపోతే మ్యాథ్స్ ఎలాగూ ఉంది కాబట్టి చాలా దారులు తెరిచే ఉంటాయి. రస్సెల్ గ్రూప్ (ఇక్కడి పేరున్న యూనివర్సిటీల బృందం) మెచ్చే సబ్జెక్టులని ఒకప్పుడు ఒక జాబితా ఉండేది, అందులో మీడియా లేదు. 2019లో ఆ జాబితానే తీసేశారు. యూకాస్ (యూనివర్సిటీ దరఖాస్తులు చూసే సంస్థ) పాయింట్లు కూడా 'A' గ్రేడు వస్తే 48, సబ్జెక్టు ఏదైనా సరే. అయినా ప్రతి కోర్సు పేజీ తెరిచి ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో చదవండి. మా అబ్బాయి విషయంలో నేను ఆ పని చేయలేదు. వాడు కోరుకున్న కోర్సుకి ఫిజిక్స్ కావాలని ఇయర్ 13లో, అంటే A లెవెల్స్ చివరి ఏడాదిలో తెలిసింది. ఆ బాధ ఇంకా ఉంది.

రీడింగ్ అమ్మ:
ఇద్దరికీ చాలా థాంక్స్. మెడిసిన్ వద్దని పాప ఎప్పుడో చెప్పింది, మేమే వినలేదు. అమ్మమ్మగారి ఫొటో సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి మళ్లీ ఏ ఫొటో తీసిందట?" అని అడిగారు.

లెస్టర్ అమ్మాయి:
కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఎర్ర పెన్నుతో మా తమ్ముడి లెక్కల హోంవర్క్ దిద్దుతున్న ఫొటో, ఆంటీ. అందులో అమ్మమ్మ అస్సలు నవ్వలేదు.