కైండ్ ఆఫ్ బ్లూ కొత్త ప్రెస్సింగ్: మొదటి వైపు స్పీడ్ సరిచేశాక అది అసలు రికార్డేనా?

కొత్తసూది
అందరికీ నమస్కారం. ఈమధ్యే టర్న్‌టేబుల్ కొన్నాను. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ ఎల్పీ అడిగితే షాపతను "స్పీడ్ సరిచేసినది ఇవ్వనా, పాత ప్రెస్సింగ్ (అప్పట్లో అచ్చయిన కాపీ) ఎవరి దగ్గరైనా ఉందేమో చూడనా" అన్నాడు. స్పీడేంటి, సరిచేయడమేంటి? ఏది కొనాలి?

గుంటూరు_కీబోర్డ్
సరిచేసినదే. ఆల్బమ్ రికార్డయింది రెండు రోజులు, 1959 మార్చి 2, ఏప్రిల్ 22, న్యూయార్క్‌లో కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ల 30వ వీధి స్టూడియోలో. రెండు టేపు మెషిన్లు నడిచేవి, ఒకటి మాస్టర్ (అసలు టేపు), ఇంకోటి సేఫ్టీ (ముందుజాగ్రత్త కాపీ). మార్చి 2న మాస్టర్ మెషిన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కిన టేపును మామూలు స్పీడ్‌లో వేస్తే పాట పరిగెత్తుతుంది, శ్రుతి పైకి పోతుంది. మొదటి వైపున్న సో వాట్, ఫ్రెడీ ఫ్రీలోడర్, బ్లూ ఇన్ గ్రీన్ మూడూ ఆ రోజువే. 1992లో రీఇష్యూ (మళ్లీ విడుదల) కోసం సేఫ్టీ టేపు బయటికి తీశాక గానీ జనానికి సరైన శ్రుతి దక్కలేదు. అంటే 33 ఏళ్లు లోకమంతా తప్పు శ్రుతే విన్నది. ఇందులో చర్చించడానికి ఏమీ లేదు.

సిక్స్‌ఐ_శర్మ
చర్చించడానికి ఏమీ లేదంటూనే పది లైన్లు రాయడం ఈయనకి అలవాటు.

కొత్తసూది గారూ, నా దగ్గర 1959 ప్రెస్సింగే ఉంది. లేబుల్ మీద రెండు వైపులా మూడేసి కంటి బొమ్మలు, అందుకే దాన్ని సిక్స్ ఐ అంటాం. అట్ట మీద, ఇందులో శాక్సోఫోన్ వాయించిన కానన్‌బాల్ ఆడర్లీ ఇంటిపేరులో చివరి 'ఈ' అక్షరం ఎగిరిపోయింది. రెండో వైపు పాటల పేర్లు తారుమారయ్యాయి, ఆల్ బ్లూస్ ఉండాల్సిన చోట ఫ్లమెంకో స్కెచెస్ అని వేశారు. ఈ తప్పులున్న కాపీ కోసమే కలెక్టర్లు ఎక్కువ డబ్బు పెడతారు. అట్ట మీద తప్పు ముద్దొస్తుందట, శబ్దంలో తప్పు మాత్రం పనికిరాదట! ఎంత చక్కటి లాజిక్కో చూడండి.

ఇందులో వాయించిన కోల్‌ట్రేన్‌ని, బిల్ ఎవాన్స్‌ని ప్రేమించినవాళ్లు ఆ 33 ఏళ్లూ ఆ స్పీడ్‌నే ప్రేమించారు. ఆ రికార్డు జనంలోకి వెళ్లింది అలాగే.

న్యూజెర్సీ_వదిన
రెండూ కొనేసుకోండి, గొడవ వదులుతుంది. అన్నట్టు ఆ స్టూడియో ఒకప్పుడు చర్చి. ఇప్పుడు అదీ లేదు, కూల్చేసి అపార్ట్‌మెంట్లు కట్టారు.

గుంటూరు_కీబోర్డ్
శర్మగారూ, పేరు తప్పు పడితే కళ్లకి కనిపిస్తుంది, నవ్వుకుని వదిలేస్తాం. శ్రుతి తప్పితే పక్కన కూర్చుని వాయించేవాడి బతుకు ఏమవుతుందో నన్నడగండి.

1989. నేను మా చర్చి ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ నేర్చుకుంటున్నా. ఒకాయన ఎల్పీ నుంచి ఎక్కించిన క్యాసెట్ ఇచ్చాడు. రోజూ సాయంత్రం సో వాట్ పెట్టుకుని దానితో పాటు వాయించేవాణ్ని. కలిసేది కాదు. ఈ మెట్టుకీ పై మెట్టుకీ మధ్యలో ఎక్కడో ఉండేది. నా కీబోర్డుకి శ్రుతి మార్చే ఏర్పాటు లేదు. మా మాస్టారు విని, అందరి ముందూ "వీడికి చెవి లేదు, తబలా నేర్పించండి" అన్నారు. నాలుగేళ్లు తబలా కొట్టాను.

సిక్స్‌ఐ_శర్మ
క్యాసెట్ ప్లేయర్ మోటారు అరిగిపోతే దానికి కొలంబియా వాళ్లేం చేస్తారు? బెల్టు సాగినా శ్రుతి జారుతుంది.

గుంటూరు_కీబోర్డ్
ఈ మాట వస్తుందని తెలుసు. అదే క్యాసెట్, అదే ప్లేయర్, అదే సాయంత్రం, రెండో వైపు ఆల్ బ్లూస్ పెడితే మెట్టుకి మెట్టు కలిసేది. అది ఏప్రిల్ 22న రికార్డయింది. మోటారు ఒక పాటకి అరిగి, ఇంకో పాటకి బాగవుతుందా?

రాజమండ్రి_రేకు
దెబ్బ 😀

సిక్స్‌ఐ_శర్మ
నవ్వండి. నేనో మాట అడుగుతాను. జాజ్ గాయని బిల్లీ హాలిడే లేడీ ఇన్ శాటిన్ ఆల్బమ్ 1958లో పాడింది, ఇదే 30వ వీధి స్టూడియోలో. అప్పటికి ఆమె గొంతు బాగా దెబ్బతిని ఉంది. మరుసటి ఏడాదే పోయింది. రేపు ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ బొంగురుతనాన్ని తుడిచేసి "సరిచేసిన రీఇష్యూ" అని అమ్మితే కొంటారా?

గుంటూరు_కీబోర్డ్
అది ఆమె గొంతు సార్. ఇది మెషిన్. మైల్స్ ఊదిన స్వరం ఒకటి, మెషిన్ మనకిచ్చిన స్వరం ఇంకొకటి. నాకు మైల్స్ ఊదినది కావాలి.

సిక్స్‌ఐ_శర్మ
మైల్స్ తన ఇంట్లో విన్నది కూడా ఈ ఎల్పీయే కదయ్యా! 1991లో పోయాడు. మీ సరిచేసిన ప్రతి వచ్చింది ఆ మరుసటి ఏడాది.

కంచరపాలెం_జాజ్
గాయకుడు ఫ్రాంక్ సినాట్రా సంగతి చూడండి. 1960ల్లో క్యాపిటల్ రికార్డు కంపెనీ వాళ్లు ఆయన మోనో ఆల్బమ్‌లని డ్యువోఫోనిక్ అని నకిలీ స్టీరియో చేసి అమ్మారు. బావిలోంచి పాడినట్టుంటుంది. అవీ జనం ప్రేమించి కొన్నవే. దాన్నీ కాపాడాలా శర్మగారూ?

సిక్స్‌ఐ_శర్మ
అది కంపెనీ తర్వాత చేసిన తుంటరి పని. నేను మాట్లాడుతున్నది మొదటి ప్రెస్సింగ్ గురించి. విషయం మార్చకండి.

అమీర్‌పేట_33
మీ స్పీడ్ గొడవ సరే, నాకు కొరియర్లో వచ్చిన ఎల్పీ అప్పడంలా వంగిపోయి ఉంది. మీద బరువు పెడితే సరవుతుందా? ఎవరూ చెప్పరేం?

రాజమండ్రి_రేకు
దొరికే కాపీలు తగ్గితే ధర పెరుగుతుంది, అందరూ పాతదే తప్పంటే ధర పడుతుంది. ఒక్క మాట అడగొచ్చా శర్మగారూ, మీ సిక్స్ ఐ అమ్మే ఆలోచనేమైనా ఉందా? పోయిన నెల అమ్మకాల విభాగంలో దాని ఫొటో చూసినట్టు గుర్తు.

గుంటూరు_కీబోర్డ్
ఓహో. అదా కథ. నాలుగు పేజీల ప్రేమ కబుర్లు ఇందుకా.

సిక్స్‌ఐ_శర్మ
నోరు అదుపులో పెట్టుకోండి జోసెఫ్.

ఫొటో పెట్టింది నేను కాదు, మా అబ్బాయి. ఇంట్లో చోటు లేదన్నాడు. చూసిన గంటలో తీసేయించాను. ఆ రికార్డు మా అన్నయ్యది. 1974లో డెట్రాయిట్‌లో పాత సామాన్ల అంగడిలో కొన్నాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి మొదటి వైపు ఒక్కటే వేసుకునేవాడట, రెండో వైపు తిప్పేలోపే నిద్రపోయేవాడట. వదిన చెప్పింది. ఆయన పోయాక రికార్డుల పెట్టె నాకు పంపింది. మొదటి వైపు అరిగి తెల్లబడింది, రెండో వైపు అద్దంలా ఉంది. మీరంతా కలిసి ఆ మొదటి వైపునే పాడైన సరుకు అంటున్నారు. మా అన్నయ్య తప్పుడు పాట విని నిద్రపోయాడా?

మోడరేటర్
దయచేసి వ్యక్తిగత విషయాలు వద్దు. అమ్మకాల ప్రస్తావన ఇక్కడితో ఆపండి.

గుంటూరు_కీబోర్డ్
అమ్మకం మాట అన్నందుకు సారీ సార్. వెనక్కి తీసుకుంటున్నా.

కానీ మీ అన్నయ్యగారి రికార్డుని నేనేమీ అనలేదు. మీరు "ఆ స్పీడే అసలు" అన్నప్పుడల్లా నాకు వినిపించేది మా మాస్టారి గొంతు. రికార్డు అసలైతే నా చెవే కదా తప్పు? స్పీడ్ సరిచేసి వేసిన 1997 సీడీ తెచ్చుకుని కీబోర్డు ముందు కూర్చున్న రోజు సో వాట్ మొదటి స్వరానికే కలిసింది. చివరి దాకా వాయించలేకపోయాను. మీరెప్పుడైనా మీ టర్న్‌టేబుల్‌కి స్ట్రోబ్ డిస్క్ (తిరిగే స్పీడ్ చూసే చక్రం) పెట్టి చూశారా? ఎగతాళికి కాదు, మీ రికార్డులో తేడా ఎంతుందో నిజంగా కొలవాలని ఉంది.

సిక్స్‌ఐ_శర్మ
అర స్వరం కూడా లేని తేడాకి ఇంత రాద్ధాంతం! కావాలంటే హైదరాబాద్ రండి, వినిపిస్తాను, కొలుచుకోండి. మీ సీడీకీ నా రికార్డుకీ నాకైతే తేడానే తెలియదు. పక్కపక్కన పెట్టి విన్నాను కూడా.

కంచరపాలెం_జాజ్
ఆగండాగండి. తేడా తెలియకపోతే ఇన్ని రోజులుగా దేనికోసం పోట్లాడుతున్నారు?

గుంటూరు_కీబోర్డ్
అదెలా కుదురుతుంది సార్? మీ అబ్బాయికైనా తెలియాలి. మీ టర్న్‌టేబుల్ స్పీడ్ సరిగ్గా ఉందా?

సిక్స్‌ఐ_శర్మ
బ్రహ్మాండంగా ఉంది. రెండేళ్ల క్రితం బెల్టు మార్చినప్పుడు కొంచెం వేగంగా తిరుగుతోందనిపించింది. వెనక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి నేనే సరిచేసుకున్నాను. స్ట్రోబ్ గీబ్ అక్కర్లేదు, చెవి చాలు. సో వాట్ పెట్టాను, పక్కన అదే పాట సీడీలో పెట్టాను, రెండూ కలిసేదాకా తిప్పాను.

గుంటూరు_కీబోర్డ్
ఏ సీడీ?

సిక్స్‌ఐ_శర్మ
మా అబ్బాయిది. 1997లో వచ్చిందే.

రాజమండ్రి_రేకు
😶

న్యూజెర్సీ_వదిన
అయ్యో.

గుంటూరు_కీబోర్డ్
శర్మగారూ, ఆదివారం వస్తాను. ట్యూనర్ తెస్తాను. ముందు రెండో వైపు పెడదాం.

సిక్స్‌ఐ_శర్మ
పదకొండింటికి రండి. భోజనం ఇక్కడే.

అమీర్‌పేట_33
నా అప్పడం సంగతి?