మొదటి ఉద్యోగం, 3.6 లక్షల సీటీసీ: వరంగల్ విడిచేముందు ఏమేం చూసుకోవాలె?

నయీంనగర్ స్టూడెంట్:
అన్నలూ, అక్కలూ, బీటెక్ అయిపోయింది. వచ్చే నెల హైదరాబాద్‌ల జాయినింగ్. ఆఫర్ లెటర్‌ల సీటీసీ 3,60,000 అని ఉంది. ఇంట్ల అందరూ నెలకు 30 వేలు వస్తయనుకుంటున్నరు. బ్యాంకుల 3 లక్షల ఎడ్యుకేషన్ లోన్ ఉంది. చేతికి నిజంగ ఎంత వస్తది? పోయేముందు ఇక్కడ ఏ పనులు చేసుకోవాలె?

పేరోల్ అన్న:
30 వేలు రావు తమ్ముడూ. సీటీసీ అంటే కంపెనీ నీ మీద పెట్టే మొత్తం ఖర్చు, నీ చేతికి రానివి కూడా అందులనే కలిపి రాస్తరు. బేసిక్ (మూల జీతం) 15,000 అనుకో. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,800. గ్రాట్యుటీ (ఏండ్లు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే సొమ్ము) కింద బేసిక్‌ల 4.81 శాతం, దగ్గరదగ్గర 722. ఈ రెండూ తీసేస్తే గ్రాస్ 27,478. అందులకెల్లి నీ వాటా పీఎఫ్ మళ్ల 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతయి. మిగిలేది 25,478. వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చేది), గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా సీటీసీలనే కలిపితే ఇంకా తగ్గుతది. ఇన్‌కంట్యాక్స్ భయం వద్దు, కొత్త విధానంల ఈ జీతానికి పైసా పడదు. ఇంట్ల ఇప్పుడే 25 వేలని చెప్పు, ఇంటికెంత పంపాల్నో ఆ లెక్క మీదనే ఖాయం చేసుకో.

సుబేదారి అక్క:
జీతం కంటే ముందు పేరు చూసుకో తమ్మీ. పదో తరగతి మెమో, ఆధార్, పాన్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదువు. మన దగ్గర తేడా ఎక్కువ ఇంటిపేరు కాడనే వస్తది: మెమోల పూర్తిగా ఉంటది, ఆధార్‌ల ఒక్క పొడి అక్షరం ఉంటది. పాన్‌ల పొడి అక్షరాన్ని ఇంటిపేరుగా తీసుకోరు. యూఏఎన్ (నీ పీఎఫ్ నంబర్) ఆధార్ వివరాలతోనే వస్తది కాబట్టి ముందు ఆధార్‌ను మెమోకు సరిచెయ్యి, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు. వరుస మారితే చేసిన పనే మళ్ల చెయ్యాలె.

ఆధార్‌ల పేరు రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తరు. ఆపరేటర్ టైప్ చేసినంక రసీదు మీద స్పెల్లింగ్ చదివే సంతకం పెట్టు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ నీదేనా? నాన్నదైతే ఓటీపీ అడిగిన ప్రతిసారీ ఆయనకు ఫోన్ కొట్టాలె. పేరు తప్పుంటే పీఎఫ్‌ల పైసలు నెలనెలా పడుతనే ఉంటయి, తీసేటప్పుడు క్లెయిమ్ రిజెక్ట్ కావచ్చు. అప్పుడు పేరు సరిచేయించుకునే తిప్పలు పడాలె. జాయినయినంక లీవు దొరకదు. ఈ పనులన్నీ హన్మకొండలనే ముగించుకొని పో. కాలేజీ నుంచి పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని మార్కుల మెమో), టీసీ కూడా నో డ్యూస్ పెట్టి ఇప్పుడే తీసుకో.

ఉప్పల్ రూం:
లోన్ సంగతి. కోర్సు అయినంక మామూలుగా ఏడాది వరకు ఈఎంఐ ఉండదు, గాని వడ్డీ నడుస్తనే ఉంటది. 10 శాతమైతే 3 లక్షల మీద నెలకు 2,500. ఇప్పుడు కట్టకుంటే అది అసలుల కలుస్తది. మొదటి జీతం నుంచే ఆ వడ్డీ కట్టు. తర్వాత 5 ఏండ్లు పెట్టుకుంటే ఈఎంఐ 6,374, మొత్తం వడ్డీ 82 వేల చిల్లర. 10 ఏండ్లకు ఈఎంఐ 3,965కు దిగుతది, వడ్డీ మాత్రం లక్షా 75 వేలు దాటుతది. నా మాట 5 ఏండ్లే. నీ అసలు వడ్డీ రేటు శాంక్షన్ లెటర్‌ల ఉంటది, తీసి చూడు.

రూంకు వస్తే మొదటి నెల హాస్టల్‌ల ఉండు, ఆఫీసు దారి తెలిసినంక కిరాయి చూడు. ఆఫీసు హైటెక్ సిటీ దిక్కయితే మెట్రో దగ్గర ఉండుడు మంచిది, వరంగల్ బస్సు ఉప్పల్‌ల దిగి అదే లైన్ ఎక్కొచ్చు. అడ్వాన్స్‌ల పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటరు, ఖాళీ చెయ్యాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలె అన్నది ఓనర్‌తోని వాట్సాప్‌ల రాయించుకో. దిగిన రోజే కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీసిపెట్టు.

నయీంనగర్ స్టూడెంట్:
అందరికీ థ్యాంక్స్. ఇంకొక్కటి, ఒరిజినల్ సర్టిఫికెట్లు జమ చెయ్యాలని మెయిల్‌ల ఉంది. ఇయ్యాల్నా?

సుబేదారి అక్క:
ఇయ్యకు. ఒరిజినల్స్ చూపించి, సంతకం పెట్టిన జిరాక్సులు ఇస్తనని మెయిల్‌లనే జవాబు రాయి. ఎందుకు జమ చెయ్యాల్నో రాతల అడుగు. చాలాసార్లు దాని వెనుక బాండ్ ఉంటది, ఎన్ని నెలలు, మధ్యల మానేస్తే ఎంత కట్టాలె అన్న పేజీ చదవకుండ సంతకం చెయ్యకు.