అప్‌డేట్: మైదానంలో దాడి చేస్తే లీగ్ నిషేధంతో సరిపోతుందా, క్రిమినల్ కేసూ పడుతుందా?

జవాబులిచ్చినవారికి థ్యాంక్స్. కెనడా వరకు తేలింది: రెండూ పడొచ్చు, ఒకటి పడిందని రెండోది ఆగదు.

2000 ఫిబ్రవరిలో వాంకూవర్‌లో ఐస్ హాకీ మ్యాచ్‌లో మార్టీ మెక్‌సార్లీ అనే ఆటగాడు హాకీ కర్రతో ప్రత్యర్థి డోనల్డ్ బ్రాషియర్ తలపై కొట్టాడు. ఆయుధంతో దాడి చేశాడని కోర్టు తేల్చింది. 2004 మార్చిలో, అదే ఊళ్లో, మరో ఐస్ హాకీ మ్యాచ్‌లో టాడ్ బెర్టుజీ వెనకనుంచి ప్రత్యర్థి స్టీవ్ మూర్‌ను గుద్ది మంచుపై పడేశాడు. మూర్ మెడ ఎముకలు విరిగాయి, కెరీర్ అక్కడితో ముగిసింది. బెర్టుజీ నేరం ఒప్పుకున్నాడు: ఏడాది ప్రొబేషన్, 80 గంటల సమాజసేవ.

నేను తప్పుగా అర్థం చేసుకున్నది 'సమ్మతి'. బరిలోకి దిగిన ఆటగాడు ఆటలో మామూలుగా తగిలే దెబ్బలకే ఒప్పుకున్నట్టు లెక్క. అందుకే కోర్టు చూసేది రూల్ తప్పాడా లేదా అని మాత్రమే కాదు. దెబ్బ ఎంత తీవ్రం, కావాలని కొట్టాడా అన్నదీ చూస్తుంది.

ఇద్దరికీ జైలు పడలేదు, షరతులతో డిశ్చార్జే, అంటే నేరం తేలినా శిక్ష వేయకుండా షరతులు పెట్టి వదిలేయడం. షరతులు పాటిస్తే శిక్షపడ్డ రికార్డు మిగలదు. కర్రను ఆయుధమని తేల్చాక కూడా ఇంతేనా అనిపించింది!

నష్టపరిహారం దారి వేరు, చాలా పొడవు కూడా. మూర్ సివిల్ దావా రాజీతో ముగిసేసరికి 2014 వచ్చింది.