అమరావతి శిల్పాలు: లండన్‌ను అడగాలా, ముందు చెన్నైని అడగాలా?

కృష్ణాతీరం:
బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న దాదాపు 120 అమరావతి శిల్పాలు తిరిగి రావాలన్న కోరిక న్యాయమైనదే. అయితే 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం అక్కడి ధర్మకర్తలు తలచుకున్నా వాటిని వదులుకోవడం చాలా కష్టం. అదే మహాచైత్యానికి, అంటే అమరావతిలోని ప్రాచీన బౌద్ధ స్తూపానికి, చెందిన మరో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. దాని గురించి రెండు రాష్ట్ర ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోవచ్చు కనుక, ముందు అక్కడే అడగాలని నా వాదన.

పాతరాయి:
నేను అంగీకరించను. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించిన రోజుల్లో స్తూపం రాళ్లు గోడల్లోకి, మెట్లలోకి వెళ్లిపోయాయి. కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో రెండోసారి వచ్చేసరికే ఎంతో నష్టం జరిగిపోయింది. ఊరు దాటిన రాళ్లే బతికాయి.

కృష్ణాతీరం:
ఊరు దాటినవీ సుఖపడలేదు. మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించగా 1859లో లండన్‌కు పంపిన ఫలకాలు అక్కడ కొన్నేళ్లపాటు ఒక బండ్ల కొట్టంలో పడి ఉన్నాయి. మద్రాసులో గోడలకు సిమెంటుతో పొదిగిన ఫలకాల పల్నాటి సున్నపురాయిని చెమ్మ, ఉప్పు కలిసి తినేశాయి. ఇక 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో స్తూపస్థలాన్ని పూర్తిగా తవ్వేశాక, ఏ రాయి ఏ వైపుదో చెప్పే ఆధారమే చాలావరకు చెరిగిపోయింది. రక్షణ పేరుతో జరిగిన ఈ పనిని నేను క్షమించలేను.

పల్నాటి ప్రయాణికుడు:
చూసేవారి వైపు నుంచి ఒక మాట. లండన్ మ్యూజియంలో ప్రవేశం ఉచితమే, వీసా మాత్రం కాదు. చెన్నైకి రాత్రి రైలు ఉంది గానీ, బడిపిల్లలను ఎందరిని తీసుకువెళ్లగలం? సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం బౌద్ధకళా ప్రదర్శనకు సముద్రాలు దాటి వెళ్లగా లేనిది, ఎగ్మూరు ఫలకాలు యాజమాన్యపు ప్రస్తావన లేకుండా, అరువుగా, కొన్ని నెలలపాటు అమరావతికి ఎందుకు రాకూడదు?

పాతరాయి:
అరువుకు నాకు అభ్యంతరం లేదు, షరతు ఉంది. లండన్‌లో 1992 నుంచి ఈ శిల్పాలు గాజు గోడల వెనుక, గాలిలోని తేమను అదుపులో ఉంచే గదిలో ఉన్నాయి. అమరావతిలో అటువంటి గది కట్టి, ఒక వర్షాకాలమంతా అందులోని తేమను కొలిచి చూపించాకే చెన్నైకి ఉత్తరం రాయాలి. బలహీనపడిన ఫలకాలను మాత్రం అప్పుడు కూడా కదపకూడదు.